గాయం చేతిది, మూలం యాజమాన్యానిది: వ్యవసాయాధారిత పరిశ్రమలలో పని వ్యవస్థ, ప్రమాదాలు

సస్యశాస్త్రంలో ‘యాజమాన్యం’ అనే పదానికి నిర్దిష్టమైన అర్థం ఉన్నది. నీటి యాజమాన్యం, ఎరువుల యాజమాన్యం, కలుపు యాజమాన్యం అని మనం నిత్యం వాడుతుంటాం. విత్తనం మేలైనదైనా, నేల సారవంతమైనదైనా, యాజమాన్యం లోపిస్తే దిగుబడి రాదని విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే బోధిస్తాం. మిల్లులోనూ, కర్మాగారంలోనూ అదే పదానికి యజమాని, ఆయన తరఫున అజమాయిషీ చేసేవారు అని అర్థం. అక్కడ కార్మికునికి గాయమైనప్పుడు మాత్రం మన శాస్త్రం నేర్పిన దృష్టిని పక్కనపెట్టి, ‘అతని అజాగ్రత్త’ అని తీర్పు చెప్పడం పరిపాటి అయినది.

కొన్ని సంవత్సరాల క్రితం విద్యార్థులతో కలిసి ఒక పత్తి జిన్నింగు మిల్లును సందర్శించాను. రోలరు వద్ద పనిచేస్తున్న ఒక కార్మికునికి కుడిచేతి రెండు వేళ్లు లేవు. ‘మిషను తిరుగుతుండగా చెయ్యి ఎందుకు పెట్టావయ్యా?’ అని అడిగాను. ‘పత్తి ఇరుక్కుంది సార్. ఆపుదామంటే స్విచ్చు ఆ చివర ఉంది. ఆపితే మేస్త్రి ఊరుకోడు. మాకు క్వింటాళ్ల లెక్కన కూలి’ అని అతడు సమాధానమిచ్చాడు. యంత్రం అమరిక, పర్యవేక్షణ తీరు, కూలి చెల్లించే విధానం అనే మూడు కారణాలను అతడు నాలుగు మాటలలో చెప్పాడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ అతని అధీనంలో లేదు. పనిస్థలాన్ని వ్యవస్థీకరించే తీరు గాయాల రేటును ఎలా నిర్ణయిస్తుందో, ఆ విషయంలో విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత ఏమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గాయాల రేటును లెక్కించే విధానం

రెండు పొలాల దిగుబడిని పోల్చేటప్పుడు మొత్తం బస్తాలను కాక, హెక్టారుకు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో చూస్తాం. గాయాల విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3786 ప్రకారం, పనిదినాలు కోల్పోవడానికి దారితీసిన గాయాల సంఖ్యను 10 లక్షలతో హెచ్చించి, కార్మికులు పనిచేసిన మొత్తం గంటలతో భాగిస్తే పౌనఃపున్య రేటు లభిస్తుంది. కోల్పోయిన పనిదినాలను ఇదే విధంగా లెక్కిస్తే తీవ్రత రేటు వస్తుంది. మరణాన్ని గాని, శాశ్వతమైన పూర్తి వైకల్యాన్ని గాని 6,000 పనిదినాల నష్టంగా పరిగణిస్తారు.

ఒక ఊహాజనిత ఉదాహరణను పరిశీలిద్దాం. మొదటి మిల్లులో 40 మంది కార్మికులు రోజుకు 8 గంటల చొప్పున, సీజనులో 150 రోజులు పనిచేశారు. మొత్తం 48,000 గంటలు. ఇద్దరికి గాయాలయ్యాయి. రెండవ మిల్లులో 200 మంది 300 రోజులు పనిచేశారు. మొత్తం 4,80,000 గంటలు. ఐదుగురికి గాయాలయ్యాయి. పైకి రెండవ మిల్లే ప్రమాదకరంగా కనిపిస్తుంది. కాని రేటు లెక్కిస్తే మొదటి మిల్లుకు 41.7, రెండవ మిల్లుకు 10.4 వస్తాయి. అంటే చిన్న మిల్లు నాలుగు రెట్లు ప్రమాదకరం. ‘మా దగ్గర ఏడాదికి ఒకటో రెండో జరుగుతాయి’ అని చిన్న మిల్లుల యజమానులు చెప్పే మాటను ఈ దృష్టితో పరిశీలించాలి.

నింద నుండి నిదానం వైపు

అమెరికాకు చెందిన బీమా సంస్థ ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిచ్ 1931లో ప్రచురించిన గ్రంథంలో, పారిశ్రామిక ప్రమాదాలలో 88 శాతం కార్మికుల అసురక్షిత చర్యల వల్ల, 10 శాతం అసురక్షిత పరిస్థితుల వల్ల జరుగుతాయని, మిగిలిన 2 శాతం అనివార్యమని పేర్కొన్నాడు. ఈ అంకెలు దశాబ్దాల పాటు శిక్షణ తరగతులలో సూత్రంలా చెలామణి అయ్యాయి. అయితే వాటికి ఆధారం ప్రధానంగా బీమా దస్త్రాలు, పర్యవేక్షకులు రాసిన ప్రమాద నివేదికలు. నివేదిక రాసేవాడు తన ఏర్పాట్లలోని లోపాన్ని తానే నమోదు చేయడం అరుదు. అందువల్ల ఆ అంకెలు ప్రమాదాల కారణాల కంటే నివేదికలు రాసే పద్ధతినే ఎక్కువగా తెలియజేస్తాయన్న విమర్శ తరువాతి కాలంలో బలపడినది.

పైరు ఎండినప్పుడు మొక్కను నిందించి ఊరుకోము. నేలలో తేమ ఎంత, వేరుకుళ్లు ఉన్నదా, మురుగు నీరు పోయే మార్గం ఉన్నదా అని వరుసగా పరిశీలిస్తాం. ప్రమాద నిదానానికి కూడా అటువంటి క్రమబద్ధమైన పరిశీలన అవసరం.

పరిశోధనలు తెలిపిన విషయాలు

డోవ్ జోహార్ అనే శాస్త్రవేత్త 1980లో ఇజ్రాయెల్‌లోని 20 పారిశ్రామిక సంస్థలలో జరిపిన అధ్యయనంలో ‘భద్రతా వాతావరణం’ అనే భావనను ప్రతిపాదించాడు. గోడలపై ఏ నినాదాలు రాసి ఉన్నాయన్నది కాక, భద్రతకు పై అధికారులు నిజంగా ఎంత విలువ ఇస్తున్నారని కార్మికులు భావిస్తున్నారో ఆయన కొలిచాడు. ఈ భావన బలంగా ఉన్న సంస్థలను భద్రతా తనిఖీ నిపుణులు కూడా మెరుగైనవిగా గుర్తించారు.

కెనడాలోని ఆంటేరియో రాష్ట్ర వస్తూత్పత్తి కర్మాగారాలపై హ్యారీ షానన్, ఆయన సహచరులు జరిపిన అధ్యయనం 1996లో వెలువడినది. పనిదినాలు కోల్పోయే గాయాల రేటు తక్కువగా ఉన్న కర్మాగారాలలో వారు కొన్ని లక్షణాలను గుర్తించారు. ప్రతి మేనేజరు విధుల పత్రంలో భద్రతా బాధ్యత స్పష్టంగా ఉండటం, వార్షిక పనితీరు మదింపులో భద్రతకు ప్రాధాన్యం ఇవ్వడం, ఉన్నతాధికారులు భద్రతా సమావేశాలకు స్వయంగా హాజరు కావడం, నిర్ణయాలలో కార్మికులకు భాగస్వామ్యం కల్పించడం, అనుభవజ్ఞులైన కార్మికులు ఎక్కువగా ఉండటం వాటిలో ముఖ్యమైనవి. కనీసం 20 పనిస్థలాలను పోల్చిన అధ్యయనాలను మాత్రమే స్వీకరించి, 1997లో అదే బృందం చేసిన సమీక్షలో కూడా ఇటువంటి అంశాలే కనిపించాయి. వీటికి తోడు యంత్రాల రక్షణ ఏర్పాట్లు, పనిస్థలం పరిశుభ్రత, కార్మికులు తరచుగా మారకపోవడం కూడా తక్కువ గాయాలతో ముడిపడి ఉన్నాయి.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇవి చాలావరకు పరిశీలనాత్మక అధ్యయనాలు. యాదృచ్ఛిక ఖండాల పద్ధతిలో వేసిన క్షేత్ర ప్రయోగాలవంటివి కావు. మంచి యాజమాన్యం వల్ల గాయాలు తగ్గాయా, లేక లాభాలలో ఉన్న సంస్థలు భద్రతకు ఎక్కువ ఖర్చు చేయగలిగాయా అన్న సందేహం పూర్తిగా తొలగదు. అయినప్పటికీ వేర్వేరు దేశాలలో, వేర్వేరు పరిశ్రమలలో అవే అంశాలు పునరావృతం కావడాన్ని తేలికగా కొట్టివేయలేము.

లోపం గాయంగా మారే మార్గం

పై అంశాలు మన మిల్లులలో ఏ రూపంలో కనిపిస్తాయో చూద్దాం.

మొదటిది కూలి విధానం. క్వింటాలుకు ఇంత అని చెల్లించేచోట యంత్రం ఆగిన ప్రతి నిమిషం కార్మికుని జేబు నుండి పోతుంది. ఇరుక్కున్న పత్తిని గాని, ధాన్యాన్ని గాని యంత్రం ఆపకుండా లాగివేయడం అతని దృష్టిలో పొదుపు. ‘యంత్రం ఆపి శుభ్రం చేయండి’ అన్న బోర్డు ఒకటి చెబుతుంటే కూలి పట్టీ మరొకటి చెబుతుంది. కార్మికుడు పాటించేది కూలి పట్టీనే.

రెండవది సీజను ఒత్తిడి. పత్తి, వరి, చెరకు, మిరప వంటి పంటల శుద్ధి ఏడాది పొడవునా సమంగా సాగదు. ముడిసరుకు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు పనిగంటలు పెరుగుతాయి, కొత్తవారు చేరుతారు, మరమ్మతులు వాయిదా పడతాయి. అలసట, అనుభవలేమి, అరిగిన యంత్రం ఒకే వారంలో కలుస్తాయి. సీజను ముగిశాక ఆ కార్మికులు వెళ్లిపోతారు. మరుసటి ఏడు మళ్లీ కొత్త ముఖాలే. అనుభవం గాయాల రేటును తగ్గిస్తుందని తెలిసి కూడా, ఆ అనుభవం నిలవని వ్యవస్థను మనమే నడుపుతున్నాం.

మూడవది గుత్తేదారీ పద్ధతి, భాష. మన రైసు మిల్లులలో బీహార్ వంటి రాష్ట్రాల నుండి వచ్చిన హమాలీలు అనేకమంది పనిచేస్తున్నారు. హెచ్చరిక బోర్డు తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. వారికి సూచనలిచ్చేది గుత్తేదారు. యంత్రం బాధ్యత మిల్లుది. గాయమైనప్పుడు ఈ ఇద్దరి మధ్య బాధ్యత జారిపోతుంది.

నాలుగవది నిర్వహణ పనుల క్రమం. మరమ్మతు చేస్తున్నవాడు లోపల ఉండగా మరొకడు తెలియక స్విచ్చు వేయడం వల్ల ఘోర ప్రమాదాలు సంభవిస్తాయి. ప్రధాన స్విచ్చును కట్టివేసి తాళం వేయడం, ఆ తాళంచెవిని మరమ్మతు చేసే వ్యక్తి వద్దనే ఉంచడం దీనికి సులభమైన నివారణ. ఖర్చు ఒక తాళం మాత్రమే. కాని ఆ నియమాన్ని ఎవరు అమలు చేయాలో నిర్ణయించేది యాజమాన్యమే.

రెండు విభిన్న అనుభవాలు

వ్యవసాయాధారిత పరిశ్రమలో యాజమాన్య లోపం ఎంతటి విపత్తుకు దారితీస్తుందో తెలిపే ఉదాహరణ అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్నది. పోర్ట్ వెంట్‌వర్త్‌లోని ఇంపీరియల్ షుగర్ శుద్ధి కర్మాగారంలో 2008 ఫిబ్రవరి 7న చక్కెర ధూళి పేలి 14 మంది మరణించారు. చక్కెరను గోతుల కింద తీసుకువెళ్లే కన్వేయరుకు 2007లో ఉక్కు పలకలతో కప్పు అమర్చారు. చక్కెర కలుషితం కాకూడదన్న సదుద్దేశంతో చేసిన మార్పు అది. కాని లోపల చేరే ధూళిని పీల్చివేసే ఏర్పాటు చేయలేదు. మూసి ఉన్న చోట ధూళి సాంద్రత పెరిగి, బహుశా వేడెక్కిన బేరింగు వల్ల మొదటి పేలుడు సంభవించినది. నేలపైనా, దూలాలపైనా ఏళ్ల తరబడి పేరుకుపోయిన చక్కెర పొడి పైకి లేచి, వరుస పేలుళ్లుగా కర్మాగారమంతా వ్యాపించినది.

దర్యాప్తు జరిపిన అమెరికా రసాయన భద్రతా మండలి యంత్రాల రూపకల్పనను, నిర్వహణను, పరిశుభ్రత లోపాన్ని ప్రధాన కారణాలుగా పేర్కొన్నది. చక్కెర ధూళి పేలుతుందన్న విషయం ఆ పరిశ్రమకు దశాబ్దాలుగా తెలుసు. తెలిసిన ప్రమాదాన్ని నిత్యకృత్యంగా అలవాటు చేసుకోవడమే అక్కడ జరిగినది. పిండి, తవుడు, పసుపు, మిరప పొడుల ధూళి కూడా మండే గుణం కలదే. ఒక యంత్రానికి చిన్న మార్పు చేసేముందు ‘దీనివల్ల కొత్త ప్రమాదం ఏదైనా పుడుతుందా?’ అని అడిగే బాధ్యత ఎవరిదో ముందుగానే నిర్ణయించి ఉండాలని ఈ ఘటన బోధిస్తున్నది.

దీనికి భిన్నమైనది అల్యూమినియం తయారీ సంస్థ ఆల్కోవా అనుభవం. 1987లో ఆ సంస్థ అధిపతిగా బాధ్యతలు చేపట్టిన పాల్ ఓనీల్ కార్మికుల భద్రతను తన ప్రథమ లక్ష్యంగా ప్రకటించాడు. ఎక్కడ గాయమైనా ఆ విభాగాధిపతి 24 గంటలలో తనకు తెలియజేయాలని, అది మళ్లీ జరగకుండా తీసుకునే చర్యలను కూడా వివరించాలని ఆదేశించాడు. పనిదినాలు కోల్పోయే గాయాలు అప్పట్లో ఏడాదికి 100 మంది కార్మికులకు 1.86 ఉండగా, ఆయన పదవీకాలం ముగిసేనాటికి సుమారు 0.2కు తగ్గాయి. కింది మెట్టుపై ఉన్న కార్మికుని మాట పై మెట్టుకు ఒక్క రోజులో చేరే మార్గం ఏర్పడటం ఈ మార్పుకు కీలకం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘ఈ నెల గాయాలు లేకుంటే బహుమతి’ అని ప్రకటిస్తే గాయాలు తగ్గకపోవచ్చు, గాయాల నమోదు తగ్గవచ్చు. కట్టు కట్టించుకుని మౌనంగా పనిలోకి వచ్చేవారు పెరుగుతారు. త్రుటిలో తప్పిన ప్రమాదాలను తెలియజేసినవారిని అభినందించడం ఇంతకంటే మేలైన పద్ధతి.

చట్టం నిర్దేశించినవి

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ తిరిగే యంత్ర భాగాలకు కంచె లేదా రక్షణ కవచం తప్పనిసరి చేసినది. నడుస్తున్న యంత్రం వద్ద చేయవలసిన పరీక్షను ప్రత్యేక శిక్షణ పొందిన, బిగుతైన దుస్తులు ధరించిన వయోజన పురుష కార్మికుడే చేయాలని 22వ సెక్షన్ నిర్దేశించినది. పత్తి విప్పే యంత్రం నడిచే భాగంలో స్త్రీలను, పిల్లలను నియమించరాదని 27వ సెక్షన్ నిషేధించినది. 1984 నాటి భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో చేసిన సవరణ ద్వారా ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీలు చట్టబద్ధమయ్యాయి. పరిశోధనలలో కనిపించిన కార్మిక భాగస్వామ్యమే ఇక్కడ చట్ట రూపం దాల్చినది.

అయితే విద్యుత్తుతో నడిచే యూనిట్లలో 10 మంది కార్మికులుంటే కర్మాగారంగా పరిగణించే పాత నిర్వచనాన్ని, 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి 20 మందికి పెంచినది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు స్థాపించే పప్పు మిల్లులు, మిరప పొడి యూనిట్లు, నూనె గానుగలలో చాలావరకు ఈ సంఖ్యకు లోపలే ఉంటాయి. ఇన్‌స్పెక్టరు తలుపు తట్టని చోట సలహా ఇవ్వగలిగేది ఆ యూనిట్ స్థాపనకు ప్రోత్సహించిన మనమే.

సమగ్ర సస్యరక్షణ వంటిదే భద్రత

సమగ్ర సస్యరక్షణలో పురుగుమందు చివరి అస్త్రం. తట్టుకునే రకం, పంట మార్పిడి, జీవ నియంత్రణ వంటివి దానికి ముందు వస్తాయి. భద్రతా శాస్త్రంలోనూ ఇటువంటి నియంత్రణ క్రమమే ఉన్నది. ప్రమాదాన్ని పూర్తిగా తొలగించడం మొదటిది. తక్కువ ప్రమాదకరమైన దానితో మార్చడం రెండవది. రక్షణ కవచం వంటి యాంత్రిక ఏర్పాట్లు మూడవది. పనివేళలు, శిక్షణ, అనుమతి పద్ధతులు నాలుగవది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, ముక్కు కవచాలు చివరివి. మన యూనిట్లలో ఈ క్రమం తరచుగా తలకిందులుగా అమలవుతున్నది. ముందుగా చేతి తొడుగులు కొంటారు. తిరిగే రోలరు దగ్గర వదులైన తొడుగు చేతిని కాపాడకపోగా లోపలికి లాగే ప్రమాదం కూడా ఉన్నది.

నూర్పిడి యంత్రాల చరిత్ర ఈ విషయాన్ని బలపరుస్తుంది. పంటను యంత్రంలోకి తోసే చోట చేతులు కోల్పోయిన రైతులు, కూలీలు ఎందరో. జాగ్రత్తగా ఉండమన్న హితవు అక్కడ చాలలేదు. చేయి డ్రమ్మును చేరలేనంత పొడవుగా, పైన కప్పుతో తయారుచేసిన దాణీ, అంటే పంటను లోపలికి జార్చే తొట్టి, అసలైన పరిష్కారం. 1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం విద్యుత్తుతో నడిచే నూర్పిడి యంత్రాలను తన పరిధిలోకి తీసుకుని, తయారీదారుని కూడా బాధ్యుని చేసినది.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయవలసినది

ఒక విషయాన్ని నిజాయితీగా ఒప్పుకోవాలి. రైతు సంఘాల శుద్ధి యూనిట్ల కోసం నేను తయారుచేయడంలో పాలుపంచుకున్న ప్రాజెక్టు నివేదికలలో యంత్ర సామర్థ్యం, ముడిసరుకు లభ్యత, రాయితీ, లాభనష్టాల పట్టిక అన్నీ ఉన్నాయి. బెల్టుకు కవచం గురించి గాని, ఆపే స్విచ్చు ఎక్కడ ఉండాలన్న దాని గురించి గాని ఒక్క వాక్యం లేదు. జిన్నింగు మిల్లు కార్మికుని సమాధానం విన్న తరువాతనే ఆ లోపం నా దృష్టికి వచ్చినది. ఇకపై ఇటువంటి నివేదికలలోనూ, శిక్షణలలోనూ ఈ కింది అంశాలు ఉండేలా చూడాలి.

1. యంత్రాల కొటేషనులోనే రక్షణ కవచం, పనిచేసేవానికి చేయి అందేంత దూరంలో అత్యవసర స్విచ్చు కలిపి అడగాలి. తరువాత అమర్చుకుందామనుకుంటే అవి రావు.

2. ఇరుక్కున్న సరుకు తీసే సమయాన్ని కూలిలో కలపాలి. యంత్రం ఆపినందుకు కార్మికునికి నష్టం కలగకూడదు.

3. సంఘం పాలకవర్గంలో ఒక సభ్యునికి భద్రతా బాధ్యతను పేరుతో సహా అప్పగించి, ప్రతి సమావేశంలో మొదటి అంశంగా అతని నివేదిక వినాలి.

4. సీజనుకు ముందు యంత్రాల తనిఖీ, మొదటి వారం కొత్తవారికి అనుభవజ్ఞుని తోడు, కార్మికులకు అర్థమయ్యే భాషలో, బొమ్మలతో సూచనలు తప్పనిసరి చేయాలి.

5. గాయాలు, త్రుటిలో తప్పిన ప్రమాదాలు, పనిచేసిన గంటలు ఒకే పుస్తకంలో నమోదు చేసి, సీజను చివర పౌనఃపున్య రేటు లెక్కించాలి.

6. ధూళి పేరుకునే దూలాలు, మోటార్లు, మూలలను ఊదకుండా తుడిచే లేదా పీల్చే ఏర్పాటుతో క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి.

వీటిలో యంత్ర కవచం, ధూళిని పీల్చే ఏర్పాటు మినహా మిగిలినవాటికి అదనపు పెట్టుబడి స్వల్పం. కావలసినది నిర్ణయం, ఆ నిర్ణయాన్ని రద్దీ రోజులలో కూడా నిలబెట్టే పట్టుదల.

ముగింపు

పంట కోసిన తరువాత విలువ జోడింపు ద్వారా రైతు ఆదాయం పెరగాలని మనం కోరుతున్నాం. ఆ విలువను జోడించే చేతులు అనేకం చిన్నకారు రైతులవి, వ్యవసాయ కూలీలవి. పొలంలో పని లేని నెలలలో వారే మిల్లుకు వస్తారు. అక్కడ వేళ్లు కోల్పోయిన వ్యక్తి మరుసటి వానాకాలంలో నాగలి పట్టలేడు, కొడవలి పట్టలేడు. కాబట్టి మిల్లులో గాయాల రేటు వ్యవసాయ శాస్త్రానికి వెలుపలి విషయం కాదు. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయని అడిగే మనం, ఆ బస్తాలు మిల్లు దాటేలోపు ఎందరికి గాయాలయ్యాయని కూడా అడగాలి. జవాబు విన్నప్పుడు, ఎండిన పైరు ముందు నిలబడిన సస్యశాస్త్రవేత్త వలె, లోపాన్ని యాజమాన్యంలో వెతకాలి.